మార్తమ్మ గారి మోకాళ్ళు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బండి మీద నుంచి పడిన రోజున, రోడ్డు మీద వెల్లకిలా పడి ఉండగా, నా చెయ్యి మొదట వెళ్ళింది కాలి మీదికి కాదు, ముఖం మీదికి. హెల్మెట్ అద్దం పైకి నెట్టి, చున్నీ కిందికి లాగి, బుగ్గలూ ముక్కూ గడ్డమూ తడుముకున్నాను. ఎక్కడా గీత పడలేదని తేలాకే నాకు కాళ్ళు కూడా ఉన్నాయని గుర్తొచ్చింది. ఆ రోజు డైరీలో పడిన సంగతంతా రాశాను గానీ ఈ ఒక్క ముక్క మాత్రం రాయలేదు.

ఈ మధ్యాహ్నం భవానీపురంలో మా డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే ఒక వాసన తగిలి అదంతా మళ్ళీ కదిలింది. ఎండకు కాగిన కాన్వాసు గుడ్డ వాసన, దాని లోపలి ఫోము వాసన, ఆ ఫోములోకి ఏళ్ళ తరబడి దిగిపోయిన టాల్కం పౌడరు వాసన. అది ఒక ప్యాంటు. మోటారు సైకిలు నడిపేటప్పుడు బట్టల మీద తొడుక్కునేది, మోకాళ్ళ దగ్గర గట్టి చిప్పలు ఉండేది. మార్తమ్మ గారిది. ఇప్పుడు దాన్నెవరూ వేసుకోరు. అయినా వేసవి వస్తే ఉతికి ఎండలో వేస్తాను. పక్క డాబా మీది పిన్నిగారు ప్రతిసారీ అడిగినట్టే ఈసారీ అడిగారు, "అదేంటే, గోనెపట్టానా?" అని. ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి ఊరుకోలేదు. "కాదు పిన్నీ, ప్యాంటు. నా మోకాలు నాకు మిగిల్చిన ప్యాంటు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పాల్సినది ఇక్కడ రాస్తున్నాను.

చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక చిన్న ల్యాబులో. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి రైతులకు చెప్పడం వాళ్ళ పని. మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేదని, గాజు గొట్టాల మధ్య కూర్చుని ఖాళీ దొరికినప్పుడు సంచిలోని పుస్తకం తీసుకోవచ్చని చేరాను. చేరిన కొద్దిరోజులకే మేనేజరు గారు నన్ను ఫీల్డుకు వేశారు. అంటే చెరువు గట్ల వెంట తిరిగి నీళ్ళు, రొయ్యలు సీసాల్లో పట్టుకొచ్చే పని. ఫీల్డుకు పెద్ద మార్తమ్మ గారు. అప్పటికే యాభై దాటిన మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉండేవారు. కొబ్బరినూనె రాసి బిగించిన ముడి సరిగ్గా హెల్మెట్ అంచు కింద ఉండేలా వేసుకునేవారు. చిన్న చక్రాల స్కూటీలు గట్ల మీద దిగబడతాయని గేర్ల బండే నడిపేవారు. వెనక సీటుకు థర్మోకోల్ పెట్టె తాడుతో కట్టి ఉండేది. నాకు బండి నేర్పింది కూడా ఆవిడే, ల్యాబు వెనక ఖాళీ స్థలంలో. "క్లచ్చుని కోడిపిల్లని వదిలినట్టు వదలాలమ్మాయ్, గేదెని వదిలినట్టు కాదు" అని అరిచేవారు.

ఆవిడ ఆ ప్యాంటు తొడుక్కోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. చుడీదారు మీదనే, ముందు లోపల పౌడరు దులిపి, ఒక్కో కాలూ దూర్చి, పక్క జిప్పులు తొడ నుంచి మడమ దాకా లాగారు. అది షాపులో కొన్నది కాదు. దొరికేవన్నీ పొడుగాటి మగపిల్లల కొలతలవే కావడంతో, ఆటోనగర్‌లో లారీ సీట్లకు కవర్లు కుట్టే ఒకాయన చేత కుట్టించుకున్నారు. సీటు గుడ్డే, సీటు ఫోమే. మోకాళ్ళ దగ్గర మాత్రం, పిల్లలు స్కేటింగు చేసేటప్పుడు కట్టుకునే ప్లాస్టిక్ చిప్పలు లోపల పెట్టి కుట్టాడు.

నేను చూడటం ఆవిడ గమనించారు. "ఆయనకి మనుషుల్ని కొలవడం రాదమ్మాయ్. టేపు పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు. 'ఏ బండి సీటైనా పేరు చెప్తే చాలు మేడం, కొలత నోటికొచ్చు. మిమ్మల్ని ఎట్టా కొలిచేది?' అన్నాడు. 'నా పేరు మార్త. ట్రాక్టరు సీటనుకుని కుట్టెయ్' అన్నాను."

జంక్షన్‌లో మేం ఆగే టీ కొట్టు దగ్గర రోజూ ఎగతాళే. "మేడం గారు బ్యాటింగుకి దిగారండోయ్" అని ఒకరు. "ఈ ఎండకి లోపల ఉడికిపోరా అండీ?" అని ఇంకొకరు. మార్తమ్మ గారు గ్లాసు కింద పెట్టకుండానే జవాబు చెప్పేవారు. "ఉడుకుతానండీ. ఉడికినా నా తోలు నా దగ్గరే ఉంటుంది. మీ తోలు ఎక్కడెక్కడుందో మీరు లెక్క చూసుకోండి." కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు, అడిగినవాళ్ళతో సహా. నేను మాత్రం తల వంచుకుని టీ చల్లారేదాకా గ్లాసులోకే చూసేదాన్ని.

అప్పటికి నాకూ ఒక కవచం ఉండేది. మా ఊళ్ళో బండి నడిపే ఆడపిల్లలందరికీ ఉండేదే. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు చూడండి. భుజాల దాకా తెల్లటి గ్లౌజులు, కళ్ళు మాత్రం వదిలి ముఖమంతా చుట్టిన చున్నీ, ఆ కళ్ళకు నల్లద్దాలు. నడుం దిగితే పల్చటి లెగ్గింగు, రెండు పట్టీల చెప్పులు. నేను ల్యాబుకు బస్సులో వెళ్ళినా, అక్కడ ల్యాబు బండెక్కే ముందు ఈ ముస్తాబంతా చేసుకునేదాన్ని. ఒకరోజు మార్తమ్మ గారు నా చేతుల వంక చూసి అడిగారు.

"అవెందుకు?"

"ఎండకండీ. నల్లబడతానని అమ్మ కొనిచ్చింది."

"మరి కాళ్ళకో?"

"కాళ్ళు ఎవరికీ కనపడవు కదండీ."

ఆవిడ బండి స్టాండు వేసి మరీ నవ్వారు. నవ్వడం అయ్యాక, కళ్ళు తుడుచుకుని, "రోడ్డుకి కనపడతాయమ్మాయ్" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఒక చెరువు మీది కాపలా పాకలో అన్నం తిన్నాక, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడులో, చుడీదారు కాలు పైకి మడిచి ఆవిడ తన ఎడమ మోకాలు చూపించారు. మోకాలి కింద అరచేతి వెడల్పున చర్మం నున్నగా, మెరుస్తూ, తక్కిన కాలికి సంబంధం లేనట్టుంది. చిన్న వయసులో మోపెడ్ మీద వెళ్తూ పడ్డారట. "పడటం ఏముంది, అందరూ పడతారు. ఆసుపత్రిలో కంకర పొడి తియ్యడానికి బ్రష్షు పెట్టి రుద్దారు చూడు, అదీ. తర్వాత తొడ మీద తోలు తీసి ఇక్కడ అతికారు. చాలాకాలం మోకాలు వంగలేదు. చర్చిలో అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేస్తుంటే నేనొక్కదాన్నే కుర్చీలో. 'దేవుడికి తెలుసులేమ్మా' అనేవారు పాస్టరు గారు. దేవుడికి తెలుసు, నిజమే. నాకే, ఆయన కంటే ఎత్తులో కూర్చున్నట్టుండేది."

నేను అడిగాను. "ఇది వేసుకుంటే ఇంక ఏమీ కాదా అండీ?"

"ఎవరు చెప్పారు? లారీ గుద్దితే ఇది ఉత్త గుడ్డ. ఎముక విరగాలంటే విరుగుతుంది. తోలు లేచిపోకుండా ఆపుతుంది, మోకాలి చిప్ప పగలకుండా కొంత ఆపుతుంది. దాన్ని అంతకన్నా అడక్కు." ఆ మాట అంటూనే కాలు కిందికి దించుకున్నారు. "నా దగ్గర పాతది ఇంకోటుంది. నీకు వదులవుతుంది. నాడా బిగించుకుని వేసుకో."

వేసుకున్నాను. నడుం దగ్గర ముడతలు పడి, కాళ్ళ దగ్గర బుట్టలా ఉండేది. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే నిలబడి ప్రయాణం చేసే మనిషిని నేను, ఎవరి పక్కనో కూర్చోవాల్సి వస్తుందని. అలాంటి నన్ను ఇప్పుడు జంక్షన్ అంతా చూస్తోంది. "చిన్న మేడం కూడా టీములో చేరిందండోయ్" అన్నారు టీ కొట్టు దగ్గర. చెవులు వేడెక్కాయి. మర్నాడు కూడా వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు తెలియదు. మొదటిసారి నన్ను చూసి నలుగురు నవ్వినా నేను చచ్చిపోలేదు. బహుశా అందుకే.

ఆ తర్వాత వరికోతలొచ్చాయి. మా వైపు కోతలయ్యాక వడ్లు రోడ్డెక్కుతాయి. తారు రోడ్డుకు ఒక పక్కన బారుగా పరిచి, అంచున రాళ్ళు పేర్చి, బండ్లన్నీ రెండో పక్క నుంచి వెళ్ళాలని ఒక ఒప్పందం. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పరు. రైతుకు అంతకంటే మంచి కళ్ళం ఎక్కడుంది? వడ్ల మీదికి ఎక్కితే బ్రేకు ముట్టుకోకూడదు, వేగం తగ్గించి అలాగే దాటెయ్యాలని మార్తమ్మ గారు చెప్పనే చెప్పారు. ఆ రోజు ఎదురుగా గడ్డి ట్రాక్టరొచ్చింది, రోడ్డు మొత్తం తనదే అన్నంత వెడల్పున. నేను పక్కకు తప్పుకున్నాను. రాళ్ళ సందులోంచి ముందు చక్రం వడ్ల మీదికెక్కింది. బుర్రకు గుర్తుంది గానీ చేతికి లేదు. బ్రేకు పట్టాను. వడ్లు చక్రం కింద గోళీల్లా దొర్లాయి. ఎడమ కాలి మీద పడి, బండీ నేనూ ఎవరి దారిన వాళ్ళం తారు మీద జారుకుంటూ పోయాం.

అప్పుడే నేను ముఖం తడుముకున్నది.

వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్ళు కర్రలు పారేసి పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందొచ్చిన ముసలావిడ నా తల ఒళ్ళో పెట్టుకుని, "ముఖానికేమన్నా తగిలిందా తల్లీ? హమ్మయ్య, ముఖం బాగానే ఉంది" అంది. ఆవిడకూ మొదట అదే గుర్తొచ్చింది. తర్వాత నా కాలు తడిమి, మోకాలి దగ్గర చెయ్యి ఆపి, ఒక్క కేక పెట్టింది. "ఓరి నాయనో, ఎముక బయటికొచ్చేసిందే!"

"ఎముక కాదండీ, ప్లాస్టిక్కు" అన్నాను.

"పాపం, పిల్లకి మతి కూడా చలించింది" అంది వెనక నుంచి ఇంకొకావిడ, ఏడుపు గొంతుతో.

చివరికి జిప్పు నేనే లాగాను. కాన్వాసు మోకాలి దగ్గర చిరిగిపోయి ఉంది, ఫోము బయటికొచ్చింది, ప్లాస్టిక్ చిప్ప మీద రోడ్డు గీకిన గీతలున్నాయి. దాని కింద నా మోకాలు ఎర్రగా కందింది, అంతే. చీలమండ బెణికింది. తెల్ల గ్లౌజులు పోగులు పోగులై, అరచేతులు రెండూ చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. ముసలావిడ వేలి కణుపుతో ఆ చిప్ప మీద తలుపు తట్టినట్టు తట్టి చూసింది. "ఇదేదో మా ఆయనకి కొనాలే. రోజూ పడతాడు" అంది. నా చేతుల మీద నీళ్ళు పోస్తూనే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూ.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ గుమ్మంలోనే "ముఖానికేం కాలేదు కదా?" అని అడిగి, కాలేదని తెలిశాక కాఫీ తాగి వెళ్ళారు. మా నాన్నకు ఒన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుంది. నెమ్మదైన మనిషి, నాలాగే ఎక్కువ మాట్లాడడు. ఆయన నా మోకాలు చూడలేదు. ప్యాంటు చూశాడు. ఆ చిరుగులో నాలుగు వేళ్ళు పెట్టి, వెనక్కి తీసుకుని, "ఇంక చాలు. సోమవారం నుంచి వెళ్ళొద్దు. మేనేజరుకి నేను చెప్తా" అన్నాడు. నేను మంచం మీద పడి ఉండి ఆలోచించాను. ఆ ప్యాంటు లేకుండా పడి ఉంటే కాలికి కట్టు కట్టించి, బత్తాయి రసం తాగించి, నయమయ్యేదాకా ఎదురుచూసేవాళ్ళు. దెబ్బ తగలకుండా బయటపడ్డాను కాబట్టి, ఎంత తగిలి ఉండేదో ఆ చిరుగు చూపించింది కాబట్టి, నా పని పోతోంది. ఆ పని నాకు ఎంత కావాలో అప్పుడే తెలిసింది. ఉదయం పూట గట్టు మీద ఒంటరిగా బండి మీద వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు మెరుస్తాయి. పుస్తకాల్లో తప్ప ఎక్కడా దొరకని ఏకాంతం నాకు అక్కడ దొరికింది. అది ఇంట్లో ఎవరికి చెప్పగలను?

ఆదివారం ప్రార్థన అయ్యాక మార్తమ్మ గారు తెల్లచీరలో మా ఇంటికొచ్చారు. చేతిలో అరటిపళ్ళు. నాన్న కుర్చీ చూపించి, ఆవిడ కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మీరు అది తొడిగించబట్టే దీనికి ధైర్యమొచ్చిందండీ."

"అవునండీ" అన్నారు మార్తమ్మ గారు. "అందుకే తొడిగించాను."

నాన్న ఆ జవాబు ఊహించలేదు. "అంత తొడుక్కోవాల్సినంత ప్రమాదమైతే అసలు బండెందుకండీ ఆడపిల్లకి? రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల."

"పెళ్ళి కావాల్సిన పిల్లకి మోకాళ్ళు అక్కర్లేదా అండీ?"

వంటింట్లో అమ్మ చేతిలోని గరిట కింద పడింది. నవ్వు ఆపుకోవడానికే పడేసిందని నాకు తెలుసు. నాన్న ముఖం ఎర్రబడింది. ప్యాంటు తీసి ఆవిడ ముందు పరిచాడు. "ఈ చిరుగు చూడండి. చూసి చెప్పండి."

ఇన్నేళ్ళలో మా నాన్నకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "ఆ చిరుగు ప్యాంటుకి నాన్నా. నాకు కాదు" అన్నాను. ఆ తర్వాత నోరు దానంతటదే ముందుకెళ్ళింది. "సోమవారం వెళ్తాను."

"ఆ రోడ్డునేనా?"

"ఆ రోడ్డునే."

మార్తమ్మ గారు నా వంక చూడలేదు, మెచ్చుకోలేదు. అరటిపండు వలిచి తిన్నారు. నాన్న లేచి కొట్టుకు వెళ్ళిపోయాడు, ఆదివారం కొట్టు తెరవడన్న సంగతి కూడా మర్చిపోయి. సాయంత్రం అమ్మ అటక మీద నుంచి దబ్బనం తీసింది, బియ్యం బస్తాలు కుట్టేది. పురికొసకు మైనం రాసి, ఆ చిరుగును అడ్డదిడ్డంగా, మందంగా కుట్టింది. తిరిగొచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి అది చూశాడు. "ఆ కింద ఇంకో రెండు కుట్లు వెయ్యి" అన్నాడు. అంతకుమించి మా ఇంట్లో ఆ విషయం ఎత్తలేదు. సోమవారం జంక్షన్‌లో దిగాక మార్తమ్మ గారు వంగి ఆ కుట్లను బొటనవేలితో లాగి చూశారు. "ఎవరు కుట్టారు?" "అమ్మండీ." "గట్టిగా కుట్టింది" అని బండి స్టార్టు చేశారు.

ఆవిడ పోయింది రోడ్డు మీద కాదు. నాలుగేళ్ళ తర్వాత, పని మానేసి ఇంటి పట్టున ఉంటున్న రోజుల్లో, ఒక శనివారం ఉదయం కుర్చీలో కూర్చుని పూలమొక్కలు చూస్తూ. గుండె ఆగింది. సమాధుల తోటలో మట్టి వేశాక నలుగురూ విడిపోయి మాట్లాడుకుంటున్నప్పుడు మేనేజరు గారు నిట్టూర్చి, "జీవితమంతా మోకాళ్ళు కాపాడుకుంది. ఏం లాభం, గుండెని కాపాడుకోలేకపోయింది" అన్నారు. చెడ్డ మనిషి కాదు. అక్కడున్న ఒకరిద్దరు ఆ మాటకు తలలూపారు, ఏదో గొప్ప సంగతి విన్నట్టు. నాకు ఒళ్ళు మండింది.

"లాభం ఉందండీ" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పాస్టరు గారు కూడా ఇటు తిరిగారు. "మొన్న ఆదివారం దాకా ఆవిడ మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. మీలో ఎవరో ఒకరు చూసే ఉంటారు. ఆవిడ అడిగింది అంతే. దొరికింది."

 

ఇలాంటి ప్యాంటు పనికొస్తుందా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. ఉడికిపోతాం, నిజమే. ఎండల్లో తొడల మీద చెమటకాయలు లేస్తాయి, నిజమే. బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద సిగ్నల్ పడితే పొయ్యి మీద కూర్చున్నట్టుంటుంది. పక్క స్కూటీ మీది అమ్మాయి చున్నీలోంచి నన్ను చూసి, వెనక కూర్చున్న అమ్మాయిని మోచేత్తో పొడుస్తుంది. లారీ వస్తే ఇది నన్ను కాపాడదని నాకు తెలుసు, అది నాకు మొదటే చెప్పి ఇచ్చారు. ఇవన్నీ ఒప్పుకునే వేసుకుంటున్నాను. నేను ఒప్పుకోనిది ఒక్కటే. నా రంగుకున్న విలువ నా కాలికి లేదనడం. ఇప్పుడు కూడా ఎండకు చేతులు నల్లబడుతున్నాయి. పడనీ.

ఆవిడ పోయిన నెలకు ఆటోనగర్ వెళ్ళాను. సీటు కవర్లాయన మిషను మీద నుంచి తలెత్తకుండానే "ఏ బండి సీటండీ?" అన్నాడు. మార్తమ్మ గారి పేరు చెప్పాను. మిషను ఆపాడు. ఆవిడ పోయారని అప్పటికే విన్నాడట. టేపు నా చేతికిచ్చాడు. "మీరే కొలుచుకుని చెప్పండమ్మా, నేను రాసుకుంటా." ఆ రెక్సిన్ చుట్టల మధ్య నిలబడి, రోడ్డు మీద అందరూ చూస్తుండగా, వంగి నా మోకాలి చుట్టూ నేనే టేపు చుట్టి, గట్టిగా చదివాను.

అక్కడికి వెళ్ళడానికి కారణం, ఆవిడ పోవడానికి ముందు రోజు నేను చేసిన ఫోను. సొంతంగా బండి కొనుక్కున్నానని చెప్పడానికి చేశాను. ఏ బండి అని అడిగారు. గేర్లదేనా అని అడిగారు. మీ నాన్న ఏమన్నారని అడిగి, బండికి నిమ్మకాయలు కట్టింది ఆయనేనని చెప్తే చాలాసేపు నవ్వారు. చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగారు, ప్యాంటు సంగతేంటని. మీది ఉంది కదండీ, అమ్మ కుట్టింది, అదే వేసుకుంటున్నానన్నాను.  తర్వాత, ఎప్పటిలాగే కొంచెం విసుగ్గా, ఫోను పెట్టేసే ముందు ఇలా అన్నారు:

"నాది నీకు వదులమ్మాయ్. నీ కొలతకి కుట్టించుకో."